సున్నా వచనం

మా ఇంట్లో బైబిలు తర్వాత నమ్మదగిన పుస్తకం ఒకటే ఉండేది, లాగరిథమ్ టేబులు. మా తాత మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరైనప్పుడు ఇంటికి తెచ్చుకున్నవి రెండే, ఒక గొడుగు, ఈ టేబులు. గొడుగు ఎప్పుడో పోయింది. టేబులు మాత్రం అట్ట ఊడి, చివరి పేజీలు నాలుగు చెదలకు పోయి, అవ్వ బైబిలు పక్కనే గూట్లో ఉండేది. అవ్వ రెండింటినీ ఒకే గుడ్డతో తుడిచేది.

తొంభై నాలుగు ఎండాకాలంలో ఆ టేబులు దగ్గరే మా ఇల్లు విరిగింది. విరిగిందని బయటివాళ్ళకు తెలియదు. ఇప్పటికీ క్రిస్మస్‌కి అందరం ఒకేచోట కూచుని తింటాం, ఒకే పాట పాడతాం. నేను మాత్రం చిన్నాయన వడ్డించిన ముక్క తినను. ఎందుకని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడగరు, అందరికీ తెలుసు కాబట్టి.

మాది ఉదయగిరి, కొండ కింద బజారు. నాయన యేసుబాబు ఆర్టీసీలో డ్రైవరు, ఉదయగిరి నించి ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోయే బస్సు నడిపేవాడు. అమ్మ రాహేలమ్మ ఇంట్లో కూచుని కొయ్య చెంచాలు చెక్కేది. నాయన తమ్ముడు జోయల్, మా చిన్నాయన, ఎమ్మెస్సీ లెక్కలు చదివి ఆత్మకూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. పొద్దున నాయన బస్సులో పోయి, సాయంత్రం నాయన బస్సులోనే వచ్చేవాడు. నేను సారాని. ఆ మార్చిలో ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి, ఇంట్లో కూచుని ఉన్నాను.

చిన్నాయన అంటే నాకు పిచ్చి. దాచుకోవడం దేనికి, నాయన కంటే ఎక్కువ. ఆరో క్లాసులో నాకు లెక్కల భయం పోగొట్టింది ఆయన. కొండ మీది కోట మెట్లెక్కుతూ ఎక్కాలు చెప్పించేవాడు, తప్పు చెబితే రెండు మెట్లు కిందికి దించేవాడు. నేను ఇంటర్‌కి వచ్చాక లాగులు, ఎక్స్‌పొనెన్షియళ్ళు చెప్పిన తీరు ఇప్పటికీ చెవిలో ఉంది.

"e తల మీద x ఎక్కి కూచున్నాదనుకో. ఎంత బతిమాలినా దిగదు. లాగ్ వెయ్యి. లాగ్ అంటే నిచ్చెన. దిగొచ్చి నీ ముందర చేతులు కట్టుకుని నిలబడతాది."

ఇంకో మాట కూడా చెప్పేవాడు. లాగ్ x, లాగ్ (x – 3) కలిపితే లాగ్ 10 అవుతుందనే లెక్క ఒకటి ఉంది. చేస్తే రెండు జవాబులొస్తాయి, 5, మైనస్ 2. నేను రెండూ రాసి కింద గీత కొట్టాను.

"పెన్ను అప్పుడే మూయొద్దు. ఆ మైనస్ రెండుని ఎత్తుకెళ్ళి మొదటి లైన్లో వేసి చూడు" అన్నాడు.

వేశాను. మైనస్‌కి లాగ్ ఎక్కడుంటుంది? లేదు.

"చూసినావా. స్టెప్పులన్నీ సరిగ్గానే ఉండాయి, జవాబు మాత్రం దొంగది. ఏదొచ్చినా యాడ మొదలైందో ఆడికి తీసకపోయి నిలబెట్టాల. నిలబడితే మనది. లేకుంటే కొట్టెయ్."

ఏప్రిల్లో ఒక ఆదివారం, గుడి నించి వచ్చి అన్నాలు తిన్నాక, చిన్నాయన అమ్మ దగ్గర గొంతుక్కూచున్నాడు.

"వదినా, సారాను ఈ రెండు నెలలు నాకిడువు. నెల్లూరులో గైడ్లు అచ్చేసే ఆయన అడిగినాడు. లాగులు, ఎక్స్‌పొనెన్షియళ్ళ మీద నాలుగు వందల లెక్కలు, జవాబులతో సహా. కాలేజీలు తెరిచేలోపల రావాల. నేనొక్కణ్ణే చేస్తే అయ్యేది కాదు."

"పాపకేమిస్తావు?" అంది అమ్మ, చెంచా మీంచి తలెత్తకుండా.

"పేరిస్తా. అట్ట మీద నా పేరు, దాని కింద సారా పేరు."

నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. అప్పటికి నా పేరు అచ్చులో చూసింది ఎక్కడా లేదు. పేపర్లో టెన్త్ రిజల్ట్సు వచ్చినా నంబరే కదా వేసేది.

అప్పటికే నాకు ఇంకో దారి సిద్ధమై ఉంది. మా పిన్ని నెల్లూరులో నర్సు. నాకు నర్సు ట్రైనింగులో సీటు మాట్లాడి పెట్టింది. మంచి పనే, అన్నానికి కొదవుండదు, మా గుడిలో సగం ఇళ్ళు ఆ పని మీదే నిలబడ్డాయి. కానీ నాకు నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయి, లెక్క చూస్తే ఆకలి మరిచిపోతాను. నాకు బీఎస్సీ లెక్కలు కావాలి. ఆ ముక్క చిన్నాయనే నాయనతో చెప్పాడు.

నాయన చాలాసేపు మీసం నిమురుకున్నాడు. "సరే. అచ్చులో దాని పేరు కనపడనీ. కనపడితే నర్సు మాట ఎత్తను. నెల్లూరు హాస్టల్లో పెట్టి బీఎస్సీ చదివిస్తా. కనపడకపోతే మాత్రం పిన్ని చూసిన సీటుకు పోవాల. మాటంటే మాటే."

అవ్వ ఆ మాట గాలికి పోకుండా అక్కడికక్కడే ప్రార్థన చేసింది. అందరం ఆమెన్ అన్నాం. చిన్నాయన అందరికంటే గట్టిగా అన్నాడు.

ఆ మర్నాడే మొదలు. చిన్నాయన పొద్దున వేసవి క్లాసులకని బస్సెక్కే ముందు ఇరవై లెక్కలు కాగితం మీద రాసిచ్చి పోయేవాడు, నేను సాయంత్రానికి విడగొట్టి, చక్కగా నోటుబుక్కులోకి ఎక్కించాలి. వారం తిరక్కుండానే ఇరవై లెక్కలు కాస్తా "నువ్వే ఒక ఇరవై కల్పించు సారా, ఈ మాదిరిగా" అనే మాటయింది. నేను పొంగిపోయాను. లెక్క చేయడం వేరు, లెక్క పుట్టించడం వేరు. జవాబు ముందు మనసులో పెట్టుకుని వెనక్కి నడుచుకుంటూ పోయి ప్రశ్న దగ్గర తేలాలి.

పని ఎక్కువైనకొద్దీ టేబులు చూడటం తలనొప్పయింది. రాస్తున్న చెయ్యి ఆపి, వరస వెతికి, గడి వెతికి, మళ్ళీ రాయాలి. అప్పుడు అవ్వ తగులుకుంది.

"నువ్వు రాయి. నేను చదువుతా" అంది.

అవ్వ పేరు లిదియమ్మ. మిషన్ బడిలో రెండో క్లాసు దాకా చదివింది, ఆ చదువంతా బైబిలు మీదే అరగదీసింది. టేబులు తెరిచి చూసి, "ఇందులో ఏముండాది? ఇదీ అధ్యాయాలూ వచనాలే కదా" అంది. ఎడమ అంచున నిలువుగా ఉండే అంకెలు అధ్యాయాలు. పైన అడ్డంగా ఉండేవి వచనాలు. 3.27కి లాగ్ కావాలంటే నేను "ముప్పై రెండో అధ్యాయం, ఏడో వచనం" అనేదాన్ని. అవ్వ వేలితో వరస పట్టుకుని, గుళ్ళో వాక్యం చదివినట్టు రాగం తీస్తూ అంకెలు చదివేది. వీధిలో పోయే పెద్దోళ్ళు ఆగి, ఏదో వాక్యమే అనుకుని చెప్పులు విడిచి నిలబడిన రోజు కూడా ఉంది. అమ్మకు నవ్వాగలేదు, ఆ రోజు ఒక చెంచా చెడిపోయింది.

మొదట్లో ఒక చిక్కొచ్చింది. రెండుకి లాగ్ అడిగితే అవ్వ 6981 చదివింది. రెండుకి 0.6931 అని నాకు కంఠతా.

"అవ్వా, మొదటి గడి చూడు."

"మొదటి వచనమే చదివినాను పాపా."

"దాని ముందర ఇంకో గడి ఉండాదే, అది."

"అది అధ్యాయం తలకట్టు కదా."

తప్పు ఆమెది కాదు. ఆ టేబులులో మొదటి గడి మిగతావాటిలా ఉండదు, ముందు ఒక అంకె, చుక్క ఎక్కువుంటాయి. పైన సున్నా అని ఉంటుంది.

"అది సున్నా వచనం అవ్వా."

"సున్నా వచనమా?" అవ్వ కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "మోషే కాన్నించి ఇప్పటిదాకా యాడన్నా ఉండాదా సున్నా వచనం? ఎవురికి పుట్టినాయమ్మా ఈ లెక్కలు."

నవ్వుకున్నాం. నేను ప్రతిసారీ "సున్నా వచనం" అని గట్టిగా చెప్పాలని, చెబితే తలకట్టు గడి చదవాలని ఒప్పందం చేసుకున్నాం. ఆ ఒప్పందం మీద ఆరు చాప్టర్లు ఒక్క తప్పు లేకుండా సాగాయి. బయట వడగాలి, లోపల అమ్మ ఉలి చప్పుడు, అవ్వ రాగం. నా జన్మలో అంత సుఖపడిన రోజులు మళ్ళీ లేవు. ఎవరికో వెట్టి చేస్తున్నానని అప్పుడు తెలియదు కాబట్టి అవి సుఖమే.

మే నెల చివర్లో నెల్లూరాయన తొందర పెట్టాడు. ఏడో చాప్టరు, చివరిది, మూడు రోజుల్లో కావాలన్నాడు. అందులో అన్నీ e పైన x ఉండే సమీకరణాలు. జవాబు వెనక్కి వేసి చూడాలంటే e విలువల టేబులు కావాలి, అది చెదలు తిన్న నాలుగు పేజీల్లో పోయింది.

"చిన్నాయనా, కాలేజీ నించి ఇంకో టేబులు తెచ్చియ్యి. వెనక్కి వేసి చూడాల" అన్నాను.

"ఇప్పుడవన్నీ యాడ చూస్తావు. నువ్వు చేస్తే తప్పుంటాదా? బిన్నా కానియ్యి, టయిము లేదు" అన్నాడు.

నువ్వు చేస్తే తప్పుంటాదా అన్న మాటకు ఒళ్ళు పొంగి, రెండో మాట అనలేదు. ఆ మూడు రోజులూ చెయ్యి పరుగెత్తింది. మాటలు కూడా కురచయ్యాయి. "నలభై అయిదో అధ్యాయం, సున్నా వచనం" అనేదాన్ని కాస్తా "నలభై అయిదు" అనడం మొదలుపెట్టాను. ఆ మార్పు నాకే తెలియలేదు.

నోటుబుక్కులు తొమ్మిదయ్యాయి. అమ్మ పాత చీర ముక్కలో మూట కట్టింది. నాయన డ్రైవరు సీటు పక్కన పెట్టుకుని నెల్లూరు తీసుకుపోయి, ప్రెస్సులో తన చేత్తో ఇచ్చి వచ్చాడు. "అబ్బో, ఎవురిదయ్యా ఈ రాత, ముత్యాల మాదిరి ఉండాది" అని ప్రెస్సాయన అన్నాడట. "నా కూతురిది అని చెప్పినా" అన్నాడు నాయన, చొక్కా విప్పుతూ. ఆ మాట గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకున్నాను.

జూన్ రెండో వారంలో పుస్తకాలు వచ్చాయి. నాయన సాయంత్రం ట్రిప్పుకి కట్టలు వేసుకొస్తున్నాడని తెలిసి నేను బస్టాండుకే పోయాను. బస్సు ఆగింది. చిన్నాయన ముందు దిగాడు, నన్ను చూసి, సంచి సర్దుకునే నెపం మీద అటు తిరిగాడు. కట్ట పైన చుట్టిన కాగితం చించి నేనే ఒకటి తీశాను.

పచ్చటి అట్ట. పైన 'సంవర్గమానాలు, ఘాత సమీకరణాలు: 400 లెక్కలు'. కింద 'వై. జోయల్, ఎమ్మెస్సీ'. దాని కింద ఇంకో పేరుంది. 'కుమారి కరుణశ్రీ, బీఎస్సీ, బీఈడీ'.

కరుణశ్రీ ఎవరో తెలియక కాదు. చిన్నాయన పనిచేసే కాలేజీ కరస్పాండెంటు కూతురు. ఆ సంబంధం గురించి ఇంట్లో గుసగుసలు నడుస్తున్నాయి. ఆమె ఈ నాలుగు వందల లెక్కల్లో ఒక్కటి కూడా చూసి ఉండదు. నేను అట్ట తిప్పాను, లోపలి పేజీ చూశాను, ముందుమాట చూశాను, వెనక అట్ట చూశాను. ముందుమాటలో కరస్పాండెంటుకి కృతజ్ఞతలున్నాయి, ప్రెస్సాయనకున్నాయి. దేవుడికి కూడా ఉన్నాయి.

"చిన్నాయనా, నా పేరేది?"

"ఇంటికి పోయి మాట్లాడదాం పా."

"ఈడే చెప్పు."

"ఇంటర్ రాసిన పిల్ల పేరేస్తే గైడు ఎవురు కొంటారు సారా? ప్రెస్సాయన వొద్దన్నాడు. రెండో ప్రింటులో తప్పకుండా వేస్తాం."

"ఆమె పేరెందుకు మరి?"

"నీకిప్పుడు అర్థం కాదు" అన్నాడు. అర్థం కానిదేమీ లేదు అందులో. సొమ్మొకడిది సోకొకడిది అని మా బజారులో కోడిపిల్ల కూడా చెబుతుంది. ఆరో క్లాసు నించి నాకు ఏదీ అర్థం కాదని అనని మనిషి ఆ రోజు అన్నాడు. నాకు పేరు పోయినందుకంటే ఆ మాటకు ఎక్కువ ఏడుపొచ్చింది.

ఇంట్లో నాయనతో చెప్పాను. ఆయన అప్పటికే అట్ట చూసే ఉన్నాడు.

"నేనేం చెప్పినాను? పేరు కనపడితే అన్నాను. కనపడలేదు. మాటంటే మాటే."

"నోటుబుక్కులు నువ్వే కదా ఇచ్చొచ్చింది నాయనా."

"వాడికి సంబంధం కుదిరే టయిము. ఉద్యోగం పర్మినెంటు చేస్తామంటుండారు. రచ్చ చెయ్యొద్దు పాపా" అన్నాడు. డిగ్రీ అప్లికేషను నా పెట్టెలోనే ఉండిపోయింది. దాని బదులు పిన్నికి ఉత్తరం పోయింది.

జూన్ చివరి ఆదివారం కరస్పాండెంటు, కరుణశ్రీ మా ఇంటికి భోజనానికొచ్చారు, మాట ఖాయం చేసుకోవడానికి. అమ్మ కోడి పులుసు, గారెలు చేసింది. ఇల్లు అలికించారు. నన్ను మంచినీళ్ళు అందించే పనికి పెట్టారు. అవ్వ మంచం మీద గోడకానుకుని కూచుంది, చేతికందే దూరంలో గూడు.

సగం భోజనంలో కరస్పాండెంటు చెయ్యి ఆపి, జేబులోంచి ఒక ఉత్తరం తీశాడు.

"జోయలూ, మంచిమాట మధ్యలో ఇది ఎత్తకూడదు గాని. కావలి నించి ఒక లెక్చరర్ రాసినాడు. మన పుస్తకంలో మొదటి ఆరు చాప్టర్లలో ఒక్క తప్పు లేదంట, చివరి చాప్టరులో మాత్రం పదకొండు జవాబులు తప్పంట. మన పిల్లకాయలంతా కొనేసినారు. కాలేజీ పరువు పోతాది. ఎట్టా జరిగింది?"

చిన్నాయన ముద్ద మింగాడు. నా వైపు చూడలేదు.

"ఆ చాప్టరు నేను చెయ్యలేదండీ. టయిము లేక మా అన్న కూతురికిచ్చినాను. సారా అని, ఈ పిల్లే. చిన్నపిల్ల పని. నేను చూసుకోవాల్సింది."

రెండు నెలల్లో ఆయన నోట బయటివాళ్ళ ముందు నా పేరు రావడం అదే మొదలు. చెంబు రెండు చేతులతో పట్టుకున్నాను.

"చిన్నాయనా, నేను చేసింది ఆ చాప్టరు ఒక్కటేనా?"

ఆయన నాయనను చూశాడు. నాయన విస్తరిలో గారె తుంచుతున్నాడు.

"అవును. అదొక్కటే" అన్నాడు చిన్నాయన.

నేను నాయన వైపు తిరిగాను. తొమ్మిది నోటుబుక్కులు పక్కన పెట్టుకుని నెల్లూరు దాకా తీసుకుపోయిన మనిషి. నా కూతురి రాత అని చెప్పి, వచ్చి చొక్కా విప్పుకున్న మనిషి. ఆయన గారె తినేసి, "నీళ్ళు అయిపోయినట్టుండాయి. పోయి తీసకరా పాపా" అన్నాడు.

చెంబు నిండుగానే ఉంది. అయినా లోపలికి పోయాను.

కుండ దగ్గర నిలబడి ఉండగా అవ్వ గొంతు వినిపించింది.

"ఏ లెక్కలయ్యా తప్పు? ఒకటి చదువు."

"నీకెందుకులే అమ్మా" అన్నాడు చిన్నాయన.

"చదవమంటుండా."

కరస్పాండెంటు సరదాకి చదివాడు. e పైన మూడు x, ఈక్వల్‌టు నాలుగు పాయింటు అయిదు. పుస్తకంలో జవాబు 0.5021. ఉండాల్సింది 0.5014.

అవ్వ గూట్లో చెయ్యి పెట్టి టేబులు తీసింది. పేజీలు తిప్పిన చప్పుడు, వేలు వరస మీద జరిగిన చప్పుడు నాకు తెలుసు.

"నలభై అయిదో అధ్యాయం" అంది అవ్వ, రాగం లేకుండా. "సున్నా వచనం 5041. నేను ఒకటో వచనం చదివినాను, 5063. పాప నలభై అయిదు అని ఊరుకునింది. గుళ్ళో అయ్యగారు వచనం చెప్పకుండా అధ్యాయం ఒక్కటే చెబితే ఎవురైనా ఒకటో వచనం కాన్నుంచే కదా మొదలుపెట్టేది. అట్టనే చదివినాను. తప్పు నాది."

"సున్నా వచనమా?" అని కరస్పాండెంటు నవ్వాడు. "పెద్దామె భలే తమాషాగా మాట్లాడతాది."

అవ్వ నవ్వలేదు.

"తమాషా కాదయ్యా. నాలుగు వందల లెక్కలకూ చదివింది నేను, రాసింది ఆ బిడ్డ. ఆరు చాప్టర్లలో ఒక్క తప్పు లేదంటుండారే, వాటికీ మేమే. ఏమిరా జోయలూ, తప్పులకు మా పేరు చెప్పినావు. ఒప్పులకు ఎవురి పేరు చెప్పినావు?"

నేను నీళ్ళు తీసుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఎవరూ ఎవరినీ చూడటం లేదు. కరుణశ్రీ పక్కన ఆ పచ్చ అట్ట పుస్తకం ఉంది. ఆమె ఎడమ చెయ్యి మెల్లగా జరిపి, అట్ట మీద తన పేరున్న చోట కప్పింది. ఆమె ముఖం చూస్తే ఆమెకూ ఈ సంగతి అప్పుడే తెలిసిందనిపించింది. కానీ పేరు మీది చెయ్యి తియ్యలేదు. అమ్మ పులుసు గిన్నె ఎత్తుకుని, "ఇంకో గరిటె వేసుకోండన్నా" అంది. వేసుకున్నారు. మాట ఖాయమైంది. నవంబరులో పెళ్ళి అనుకున్నారు.

మర్నాడు పొద్దున చిన్నాయన నా దగ్గరికొచ్చి గొంతుక్కూచున్నాడు, ఏప్రిల్లో అమ్మ దగ్గర కూచున్నట్టే.

"తప్పొప్పుల చీటీ ఒకటి వెయ్యాల సారా. ఆ పదకొండూ సరిగ్గా చేసియ్యి. నాకు కాలేజీలో తీరదు."

తీరక కాదు. ఏ లెక్కలో ఏ మెట్టు దగ్గర ఏముందో ఆయనకు తెలియదు, నాకు తెలుసు. తోసిపారెయ్యాలనే అనుకున్నాను. కానీ ఒక ఆలోచన వచ్చింది.

"చీటీ మీద నా పేరుంటే చేస్తా. దిద్దినది సారా అని."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, తేలిగ్గా తలూపాడు. అంత తేలిగ్గా ఎందుకూపాడో అప్పుడు తట్టలేదు. కాలేజీ నించి ఇంకో టేబులు కూడా తెచ్చిచ్చాడు, ఈసారి e విలువలతో సహా. అవ్వ చదివింది, ప్రతిసారీ నేను సున్నా వచనం అన్నాను, ప్రతి జవాబూ మొదటి లైన్లో వేసి చూశాను. అన్నీ నిలబడ్డాయి.

చీటీ అచ్చయి వచ్చింది, అరచెయ్యంత. పదకొండు లెక్కలు, పక్కన సరైన జవాబులు. అన్నిటికీ కింద ఇలా ఉంది. 'చివరి అధ్యాయంలోని లెక్కలు చేసినది: కుమారి వై. సారా.'

దిద్దినది అని కాదు. చేసినది. ఆ ఒక్క చాప్టరే నాదని, ఆ తప్పులు నావని, చీటీ చూసిన ప్రతివాడికీ ఇక సందేహం ఉండదు. ఏ మెట్టు దగ్గర కూడా అబద్ధం లేదు. స్టెప్పులన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయన నేర్పిన లెక్కే, నా మీదే చేసి చూపించాడు. నమ్మినవాళ్ళ గొంతు కోయడానికి కత్తి అక్కర్లేదని నాకు ఆ రోజు తెలిసింది.

అయినా సిగ్గు విడిచి ఆ చీటీ తీసుకుని నాయన దగ్గరికి పోయాను. ఆయన యూనిఫాం గుండీలు పెట్టుకుంటున్నాడు.

"నాయనా, అచ్చులో నా పేరు. కనపడితే బీఎస్సీ అన్నావు. మాటంటే మాటే అన్నావు."

ఆయన చీటీ తీసుకుని రెండుసార్లు చదివాడు. ముఖంలో ఏదో కదిలింది, కాదనను. కానీ చీటీ మడిచి నా చేతిలోనే పెట్టాడు.

"తప్పుల చీటీ మీది పేరుకు సీటు ఎవురిస్తారమ్మా? పెట్టె సర్దుకో. శుక్రవారం నా డ్యూటీనే."

శుక్రవారం పెట్టె బస్సు మీదికెక్కింది. అవ్వ బస్టాండుకు రాలేదు. టేబులు నా పెట్టెలో పెట్టబోతే వద్దన్నాను. "ఆడ నాకెవురు చదువుతారవ్వా" అంటే, ఆమె దాన్ని కొంగుతో తుడిచి మళ్ళీ గూట్లో పెట్టుకుంది.

నేను డ్రైవరు వెనక రెండో సీట్లో కూచున్నాను. ముందు అద్దంలో నాయన కళ్ళు నాకు కనపడేవి, నేను ఆయనకు కనపడేదాన్ని. ఆత్మకూరులో ఒక అమ్మాయి ఎక్కి నా పక్కన కూచుంది. మల్లీశ్వరి అట, అనంతసాగరం దగ్గర ఊరు, ఇంటర్ రెండో సంవత్సరం. సంచిలోంచి పచ్చ అట్ట పుస్తకం తీసి చివరి చాప్టరు తెరిచింది. కిటికీ గాలికి లోపలి చీటీ లేచి, నా మోకాలికి తగిలి, కిటికీలోంచి బయటికి ఎగిరిపోయింది.

"అయ్యో, చీటీ" అన్నాను.

"ఏదో కాగితంలే అక్కా. మా క్లాసులో అందరివీ ఇచ్చిన రోజే పడిపోయినాయి" అంది.

ఆమె వేలి కింద e పైన మూడు x, ఈక్వల్‌టు నాలుగు పాయింటు అయిదు ఉంది. జవాబు 0.5021.

"అది తప్పు. 0.5014" అన్నాను.

"అచ్చులో ఉండేది తప్పెట్టా అవుతాది?" అంది ఆ అమ్మాయి, కాస్త కోపంగానే. "ఎమ్మెస్సీ సారు రాసింది."

ఆ నాలుగు వందల లెక్కల్లో ఎక్కడ తెరిచినా చిన్నాయనే ఉన్నాడు, ఆయన కింద కరుణశ్రీ ఉంది. ఈ పదకొండు చోట్ల మాత్రం అవ్వ వేలు ఒక గడి పక్కకు జరిగి ఉంది, నా నోరు ఒక మాట మింగి ఉంది. వాళ్ళెవరూ చేయలేని తప్పు అది. అలాగే వదిలేద్దామని ఎంత అనిపించిందో చెప్పలేను. కానీ ఈ పిల్ల మార్చిలో పరీక్ష రాయాలి. బీఎస్సీలో సీటు ఈమెకైనా కావద్దా.

"పెన్నుందా?" అని అడిగాను.

సంగం దాటేసరికి ఆరు దిద్దాను. బస్సు కుదుపులకు అంకెలు వంకరపోతున్నాయని మల్లీశ్వరి పుస్తకాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అద్దంలో నాయన ఒకసారి చూశాడు, నేనూ చూశాను, ఆయనే ముందు కళ్ళు తిప్పుకున్నాడు. పదకొండోది కొట్టేసి పక్కన సరైనది రాసేటప్పటికి నెల్లూరు వచ్చేసింది. ఇప్పుడు పుస్తకంలో తప్పు లేదు. అవ్వా నేనూ కూడా లేము.